ఆరు డబ్బాల మనిషి

ఇనుపరాయి ఎక్కించుకోడానికొచ్చిన ఇటలీ ఓడ
ఆరు రేకు డబ్బాలు మాకు దించిపోయింది.
"బాకీ కింద ఇచ్చినారు" అన్నాడు పిరిడి తవుడు, వించ్ డ్రైవరు.
ఏ బాకీయో, ఎవరి బాకీయో
చచ్చేదాకా చెప్పలేదు.

అన్నిటి మీదా ఎవరో చేత్తో రాసిన ఒకటే పేరు.
చర్చి స్కూలు లూర్దమ్మ టీచరు కూడబలుక్కుని చదివింది:
నెల్లో బర్తేరి.
"నెల్లూరోడేటి?" అన్నాడు తవుడు.
అంతే.
రాసుకున్నదీ తీసుకున్నదీ, ఆడిందీ, ఆడుతూ ఆడుతూ పడిందీ
అంతా తనే అయిన ఆ మనిషి
కోట వీధి మొత్తానికీ నెల్లూరోడు.

ఐసు గోదాము వెనక గోడకి సున్నం కొట్టాం.
వారం తిరక్కుండా పోర్టు ధూళి దాన్ని ఎర్రబరిచేది.
అందుకే నలుపు తెలుపు బొమ్మల్లో కూడా
ఆయన బుగ్గలు ఎప్పుడూ కాస్త సిగ్గుపడుతూ ఉండేవి.

అంకెల ధ్యాస ఎవరికుంది? పైనున్న డబ్బా ముందు విప్పాం.
అది ఆఖరిది.
బట్టతల, జారిన పంట్లాం, మెట్టుకో ఆయాసం.
పడబోయి, పడకుండా
రెయిలింగు పట్టుకుని నిలబడతాడు.
పడటమే బతుకుతెరువైన మనిషి అలా నిలబడిపోతే
నవ్వాలో వద్దో తెలీక
వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూచున్నాం.

తర్వాతి ఆదివారం జుట్టొచ్చింది.
ఆ తర్వాత పళ్లు. ఆ పై వారం పెళ్లాం.
మరుసటి వారం అదే పెళ్లాం పెళ్లికూతురై
పొరపాటున కేకు మీద కూచుంది.
మాకు ఏడేసి రోజులు మీదపడుతుంటే
ఆయన అయిదారేళ్ల చొప్పున విప్పి పారేసేవాడు
ఉక్కపోతకి చొక్కా విప్పినట్టు.

రెండో విడత వేసినప్పుడు మాటలు తవుడివి.
వించ్ చప్పుడు మీద అరిచి అరిచి పదునెక్కిన గొంతు.
నెల్లూరోడి పెదవి కదిలితే చాలు,
"ఏటి బావూ, నిన్న నూటేబైకిచ్చిన కోనెం
ఇయాల రెండొందలేటి? సముద్రం గాని ఎండిపోనాదా?"
ఆస్పత్రి వార్డు, ఖాళీ మంచం, తెల్లకోటు డాక్టరు,
ఆ సీనుకి ఇదీ డైలాగు.
బోర్లించిన చేపల పెట్టెల మీంచి దొర్లిపడ్డారు జనం.

ఒక రాత్రి ఒక ముసలి నావికుడు, ఆ దేశం వాడే,
లోపలికి రాకుండా తలుపు దగ్గరే నించుని చూశాడు.
లూర్దమ్మ టీచరుతో వచ్చీరాని ఇంగ్లీషులో అన్నాడట:
అక్కడ వాడడుగుతున్నది
భార్య చెప్పులు ఎక్కడ పెట్టారని.
మా ఊళ్లో ఆ చోట అందరూ ఏడ్చారమ్మా.
వాడు నవ్విద్దామనే తీశాడు.
ఆ తర్వాత ఎవడూ వాడికి డబ్బు పెట్టలేదు.

తవుడు విని ఏమీ అనలేదు, బీడీ నలిపేశాడు.
మర్నాడు అదే సీను, అదే కోనెం, అదే ధర.
చివర్న ఒక ముక్క కలిపాడు:
"పోనీ, దాని జోళ్లయినా ఇచ్చీండి బావూ."
గోదాములో నవ్వు పడబోయి
రెయిలింగు పట్టుకుని నిలబడింది.

ఇప్పుడా రీళ్లు పులిసిన సిరకా వాసన,
చుట్ట విప్పబోతే పెంకులు.
గోదాము చోట లాడ్జి లేచింది.
దాని మూడో అంతస్తు కిటికీ మీద కూడా అదే ఎర్రధూళి.

నాకు ఆరో డబ్బా గుర్తు. అది ఆయన మొదటిది.
నిజానికి ఆయనది కూడా కాదు, ఎవరిదో పెద్ద సినిమా.
రద్దీ వీధి, ముందు హీరో, హీరో ముందు కారు.
వెనకాల నిచ్చెన మోసుకుంటూ
ఒక బక్క కుర్రాడు అడ్డం వస్తాడు.
కెమెరా వైపు చూడొద్దని చెప్పే ఉంటారు.
చూశాడు.
నాలుగంటే నాలుగు సెకన్లు
సున్నం గోడలోంచి సరిగ్గా మా వైపు.

అక్కడ తవుడు ఏ మాటా పెట్టేవాడు కాదు.
చూపుడువేలు మాత్రం ఎత్తేవాడు,
డాల్ఫిన్ నోస్ మలుపు తిరిగి
లోపలికొస్తున్న ఓడని
పక్కవాడికి చూపించినట్టు.